రస్ టాక్స్ కొంటున్నారా? ముందు సీసా మీద పొటెన్సీ చూసుకోండి

మోకాళ్ల నొప్పికని ఆన్‌లైన్‌లో రస్ టాక్స్ అనే హోమియో మందు ఆర్డర్ పెట్టేవాళ్లు ఒక్క నిమిషం ఆగి ఇది చదవండి. నేను ఆర్డర్ పెట్టింది 30 పొటెన్సీ, అంటే బాగా పలచన చేసిన మందు. వచ్చింది మదర్ టింక్చర్, అంటే పలచన చేయనిది. పేరు చూశాను, సరిపోయిందనుకున్నాను. పేరు పక్కన చిన్నగా 'క్యూ' అని ఉంది. మదర్ టింక్చర్‌కు గుర్తు అదే. నేనేమో అదేదో కంపెనీ గుర్తు కాబోలనుకున్నాను.

పది చుక్కలు నీళ్లలో కలుపుకుని రోజుకు మూడుసార్లు వేసుకోమని సీసాతో ఒక చీటీ వచ్చింది. నేను నీళ్లలో కలపకుండా నేరుగా నాలుక మీదే వేసుకున్నాను. ఆ తప్పు మాత్రం నాదే. మూడో రోజు పొద్దున్నే పెదవులు దురద మొదలైంది. సాయంత్రానికి కింది పెదవి వాచిపోయి, నోటి మూలల్లో నీటి పొక్కులు లేచాయి. అంతకుముందు ఒక చుక్క జారి మణికట్టు మీదుగా కారింది. అది ఎంత మేర కారిందో సరిగ్గా అంత మేరా ఎర్రటి గీత, గీత మీద వరసగా చిన్న చిన్న బొబ్బలు.

అమ్మినవాళ్లకు ఫోటోలు పంపాను. వాళ్ల జవాబు: "కంగారు పడకండి, ఇది అగ్రవేషన్. అంటే తగ్గేముందు కాస్త ఎక్కువవడం, మందు పని మొదలుపెట్టిందన్నమాట. మీది బాగా సెన్సిటివ్ బాడీ, ఐదు చుక్కలకు తగ్గించండి." నేనూ నమ్మాను. ఇంకో రెండు రోజులు వాడాను. తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది, రెండు రకాలుగానూ.

చర్మ వైద్యురాలు మణికట్టు మీద గీత చూడగానే "ఏదైనా మొక్క రాసుకుందా?" అని అడిగారు. సీసా చూపించాను. రస్ టాక్స్ అంటే ఇంగ్లీషులో పాయిజన్ ఐవీ అనే మొక్క, మన జీడిమామిడి కుటుంబానిదే. దాని ఆకుల్లో, కాడల్లో యురుషియాల్ అనే జిడ్డు ఉంటుంది. అది పడనివాళ్లకు తగిలితే వెంటనే ఏమీ తెలియదు. ఒకటి రెండు రోజులాగి పొక్కులు లేస్తాయి. జీడి అంటి ఒళ్లు పొక్కినవాళ్లకు ఈ బాధ ఎలాంటిదో చెప్పనక్కర్లేదు. ఆ జిడ్డు ఆల్కహాల్‌లో బాగా కరుగుతుంది. మదర్ టింక్చర్ అంటే మొక్కను ఆల్కహాల్‌లో నానబెట్టి తీసిన అసలు సారమే కదా!

అదే సీసాలోంచి మా అక్క కూడా రెండు రోజులు వేసుకుంది. తనకు ఏమీ కాలేదు. కొందరి ఒంటికి యురుషియాల్ పడదు, కొందరికి ఏమీ చేయదు. కాబట్టి సెన్సిటివ్ అన్న మాట అబద్ధం కాదు. కానీ అది ఎలర్జీ. చుక్కలు తగ్గిస్తే సర్దుకునేది కాదు, పూర్తిగా మానేయాల్సింది.

30 పొటెన్సీ సంగతి పూర్తిగా వేరు. ఒక వంతు మందుకు తొంభై తొమ్మిది వంతుల ద్రవం కలిపితే 1సీ. అందులోంచి ఒక వంతు తీసి మళ్లీ అలాగే చేస్తే 2సీ. ఇలా 6సీకి వచ్చేసరికి అసలు పదార్థం లక్ష కోట్లలో ఒక వంతు. 12సీ దాటాక ఒక్క అణువైనా మిగిలే అవకాశం దాదాపు ఉండదు. 30 పొటెన్సీ, అంటే 30సీలో, ఒకటి పక్కన అరవై సున్నాలు పెడితే వచ్చే సంఖ్యలో ఒక వంతు. పడకపోవడానికి అందులో మొక్క ఏదీ? పడకపోతే చక్కెర గుళికలు గానీ స్పిరిట్ గానీ పడకపోవాలి. చిత్రమేమిటంటే ఈ రెండు సీసాలకూ ఒకటే సమాధానం చెబుతారు, మీది సెన్సిటివ్ బాడీ అని.

హోమియోపతిని మొదలుపెట్టిన హానిమన్ కూడా మోతాదు ఎంత తగ్గితే అంత మంచిదన్నాడు. మరీ సున్నితమైనవాళ్లకు మందు వాసన చూపిస్తే చాలన్నాడు. పొక్కులు లేచినవాళ్లకు ఇంకో ఐదు చుక్కలు వేయమని ఆయన పేరు చెప్పి అంటగట్టడం ఏం న్యాయం?

చిన్నపిల్లలకు కొనేవాళ్లు ఇంకా జాగ్రత్తగా ఉండాలి. పళ్లొచ్చే పిల్లలకిచ్చే కొన్ని హోమియో మాత్రల్లో బెల్లడోనా లేబుల్ మీద రాసినదానికంటే చాలా ఎక్కువ ఉన్నట్టు తేలిందని 2017లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ చెప్పింది. బెల్లడోనా విషపు మొక్క. అంటే లేబుల్ సరిగ్గా చదివినా ఒక్కోసారి చాలదు.

అయినా సరే, చదవండి. పేరు పక్కన క్యూ అని గానీ, 1ఎక్స్, 2ఎక్స్, 3ఎక్స్ (వందకు బదులు పది వంతుల చొప్పున పలచన చేసినవి) అని గానీ ఉంటే అందులో నిజంగా సరుకు ఉన్నట్టే. లివర్ జబ్బు ఉన్నవాళ్లు, ఆల్కహాల్ తగలకూడని మందులు వాడుతున్నవాళ్లు టింక్చర్ల జోలికి పోకండి. దద్దుర్లు, వాపు, ఆయాసం ఏది కనబడినా సీసా పక్కన పెట్టి డాక్టర్ దగ్గరికి వెళ్లండి, సీసా కూడా పట్టుకెళ్లండి. అమ్మినవాళ్లకు ఫోటోలు తర్వాత పంపుకోవచ్చు.

నా పొక్కులు మానడానికి దాదాపు మూడు వారాలు పట్టింది. మణికట్టు మీద మచ్చ ఇంకా ఉంది. డబ్బు వెనక్కి ఇమ్మంటే, వాడిన సీసా వాపసు తీసుకోబోమన్నారు. కావాలంటే అదే మందు 200 పొటెన్సీ ఉచితంగా పంపిస్తారట, ఈ పొక్కులు తగ్గడానికి.