గ్రేటర్ క్రూగర్ టెంటు క్యాంపులు: రేటులో ఏముంటుంది, ఎక్కడ దిగితే మంచిది

దక్షిణాఫ్రికా టెంటు క్యాంపుల ఫోటోల్లో ముందు కంటికి ఆనేది రాగి స్నానపు తొట్టి, మంచం చుట్టూ తెల్లటి దోమతెర. రేటు చూశాక "గుడ్డ గోడలకి ఇంత డబ్బా!" అనిపిస్తుంది. ఆ రేటులో గుడ్డ గోడల వాటా తక్కువే. బండి ఎంత నేల మీద తిరగొచ్చు, బాట దిగి పొదల్లోకి పోవచ్చా, చీకటి పడ్డాక బయట ఉండొచ్చా, ఒక జంతువు దగ్గర ఒకేసారి ఎన్ని బళ్లు ఆగుతాయి? డబ్బంతా వీటికే పోతుంది. బుక్ చేసే ముందు ఈ నాలుగూ మెయిల్‌లో అడగండి, తొట్టి సంగతి ఆఖర్న చూసుకోవచ్చు.

1926లో ఏర్పడిన క్రూగర్ నేషనల్ పార్కుకి పడమటి అంచున సాబి శాండ్, మాన్యెలెటి, టింబావటి, క్లాసేరీ అనే రిజర్వులు వరసగా ఉంటాయి. పార్కునీ వీటినీ కలిపి గ్రేటర్ క్రూగర్ అంటారు. వీటికీ పార్కుకీ మధ్య కంచె లేదు. టింబావటి వైపు కంచె 1993లో తీసేశారు. అంటే జంతువులు అవే, రూల్సే వేరు. పార్కులో తారురోడ్డో మట్టిరోడ్డో దిగకూడదు, సొంత కారులో వెళ్లినవాళ్లు పొద్దుగూకేసరికి బస చేసే క్యాంపు గేటు లోపలికి వచ్చేయాలి. చిరుతపులి రోడ్డుకి ఇరవై గజాల దూరంలో గడ్డిలో పడుకుంటే తోక చూసి తృప్తిపడటమే. ప్రైవేటు రిజర్వులో అదే చిరుత కోసం బండి బాట దిగుతుంది, దాని వెనకే ముళ్లపొదల మధ్య నిదానంగా పోతుంది. నల్లమలలో జీపు బాట దాటని సఫారీలకి అలవాటుపడిన మనవాళ్లకి మొదటి డ్రైవ్‌లోనే ఈ తేడా తెలిసిపోతుంది.

చిరుత కోసమే వెళ్తుంటే సాబి శాండ్‌కి పోటీ లేదు. దాదాపు 65,000 హెక్టార్ల ఈ రిజర్వులో చిరుతలు తరాలుగా బళ్లకి అలవాటుపడ్డాయి, పిల్లలతో ఉన్న తల్లి కూడా బండిని పట్టించుకోదు. కాకపోతే అక్కడ ఎక్కువగా ఉన్నవి గోడలూ గడ్డి కప్పూ ఉన్న లాడ్జిలు. టెంట్లు తక్కువ, రేట్లు ఎక్కువ. టెంటులోనే ఉండాలనుకునేవాళ్లు టింబావటి చూడాలి. 1956లో భూముల యజమానులు కలిసి పెట్టుకున్న ఈ రిజర్వులో తండా తులా, సింబావటి రివర్ లాడ్జ్, క్రూగర్ హద్దుకి ఆనుకుని న్గాలా టెంటెడ్ క్యాంప్ లాంటివి ఉన్నాయి. 1975లో ఇక్కడ కనిపించిన తెల్ల సింహాల పేరు చెప్పి ఇప్పటికీ చాలామంది ప్యాకేజీలు అమ్ముతారు. అవి కనపడితే అదృష్టం, వాటి కోసం మాత్రం డబ్బు పెట్టకండి.

మాన్యెలెటి అంటే సోంగా భాషలో నక్షత్రాల చోటు. వర్ణవివక్ష రోజుల్లో నల్లజాతివాళ్లకి క్రూగర్ పార్కు బదులు కేటాయించిన రిజర్వు ఇది. ఇప్పుడు ఈ నేల మ్నిసి తెగవాళ్లది. క్యాంపులు కొన్నే, బళ్లు కొన్నే. హనీగైడ్ వాళ్ల మాంటోబెని టెంటు క్యాంపు ఇక్కడే ఉంది. ఆర్భాటం తక్కువ, అడవి మాత్రం ఇరుగుపొరుగు రిజర్వులది ఎంతో అంతే. పెట్టిన డబ్బుకి ప్రతిఫలం చూసుకునేవాళ్లకి మా ఓటు దీనికే.

ఇంకో సంగతి ముందే తెలిసి ఉండటం మంచిది. టింబావటి, క్లాసేరీల్లో నిర్వహణ ఖర్చుల కోసం పరిమితంగా వేటకి అనుమతులు ఇస్తూ వచ్చారు, సాబి శాండ్‌లో ఆ పద్ధతి లేదు. పర్యాటకుల బళ్లు తిరిగే చోట వేట కనపడదు. అయినా అది మనసుకి గిట్టనివాళ్లకి రిజర్వు ఎంపికలో ఇది లెక్కలోకి వస్తుంది.

ఇక అసలు ప్రశ్న. క్యాంపుని అడగాల్సింది "మీ రిజర్వు ఎంత పెద్దది" అని కాదు, "మీ బళ్లు తిరిగే హక్కు ఎన్ని హెక్టార్ల మీద ఉంది" అని. రిజర్వు ఎంత పెద్దదైనా లోపల వేర్వేరు యజమానుల భూములుంటాయి. ఒప్పందం లేని భూమి హద్దు దాటి సింహం నడిచిపోతే మీ బండి అక్కడే ఆగిపోతుంది. అరగంట వెంబడించాక ఇలా ఆగడం కంటే చికాకు ఇంకోటి ఉండదు. ఒక జంతువు దగ్గర మామూలుగా 2 లేదా 3 బళ్లకే అనుమతి. మిగతావి దూరంగా ఆగి రేడియోలో వంతు కోసం ఎదురుచూస్తాయి. రేడియోలో రేంజర్లు సోంగా పేర్లే వాడతారు: న్ఘాలా అంటే సింహం, యింగ్వె అంటే చిరుత, న్‌డ్లోఫు ఏనుగు, న్యారి అడవిదున్న. బండిలోవాళ్లకి ముందే ఆశ పెట్టకూడదని ఈ జాగ్రత్త. న్గాలా క్యాంపుకి ఆ పేరు సింహం వల్లే.

బండి అంటే పైకప్పు లేని ల్యాండ్ క్రూయిజరో ల్యాండ్ రోవరో, మెట్లలా మూడు వరసల సీట్లు. స్టీరింగ్ దగ్గర రేంజర్, ఎడమ బానెట్ చివర బిగించిన చిన్న కుర్చీలో ట్రాకర్. చూపు ఇసుక మీద పెట్టి కూర్చున్న ట్రాకర్ ఉన్నట్టుండి అరచెయ్యి పైకెత్తుతాడు, బండి ఆగుతుంది. దిగి, వంగి, పాదముద్ర అంచు గాలికి ఇంకా రాలలేదని చూస్తాడు. ముద్ర మీద రాత్రి తిరిగే పురుగుల గీతలు ఉంటే ఆ జంతువు వాటికంటే ముందే పోయినట్టు, లేకపోతే పొద్దున పోయినట్టు. సింహాలు దగ్గరపడ్డాక మాటామంతీ లేకుండా ముందు కుర్చీ వదిలి వెనక సీట్లోకి వచ్చేస్తాడు. ఆ కదలిక కనిపిస్తే కెమెరా తీయండి, ఏదో చాలా దగ్గర్లో ఉన్నట్టే. లేచి నిలబడటం మాత్రం వద్దు. బండినీ మనుషుల్నీ కలిపి ఒకే ఆకారంగా చూడటం ఆ జంతువులకి అలవాటు, అందులోంచి ఒక మనిషి విడిగా పైకి లేస్తే ఆ ఆకారం చెదురుతుంది.

వరసకి ముగ్గురిని కూర్చోబెట్టే క్యాంపులూ ఉన్నాయి, ఇద్దర్నే కూర్చోబెట్టేవీ ఉన్నాయి. 9 మంది ఎక్కిన బండిలో మధ్య సీటువాళ్లకి ఫోటోలో పక్కవాళ్ల భుజమే పడుతుంది. "బండికి గరిష్ఠంగా ఎంతమంది" అని రాతలో తీసుకోండి. వెనక వరస ఎత్తుగా ఉండి బాగా కనిపిస్తుంది కానీ కుదుపులన్నీ అక్కడే. నడుం నొప్పి ఉన్నవాళ్లకి రేంజర్ వెనక వరస మేలు, ఆయన చెప్పేదీ వినపడుతుంది.

రోజు ఇలా నడుస్తుంది. వేసవిలో 5 గంటలకి, చలికాలంలో అంతకంటే కాస్త ఆలస్యంగా టెంటు బయట నుంచి పిలుపు. కాఫీ, గట్టి రస్కు. మూడు నాలుగు గంటల డ్రైవ్, మధ్యలో దిగి ఇంకో కాఫీ. వచ్చాక టిఫిను, ఓపిక ఉన్నవాళ్లకి రైఫిల్ పట్టుకున్న గైడ్‌తో నడక. సాయంత్రం 3:30, 4 మధ్య మళ్లీ డ్రైవ్, చీకటి పడ్డాక స్పాట్‌లైట్‌తో రాత్రి 7 దాకా. జింకల కళ్లలోకి లైటు వేయరు, కాసేపు కళ్లు కనపడక వేటజంతువుకి దొరికిపోతాయని. రెండు రాత్రులకి 4 డ్రైవ్‌లు, మూడింటికి 6. ఒక్క రాత్రి బుక్ చేసుకోవడం డబ్బు దండగ. ఒక డ్రైవ్ వర్షానికో ప్రయాణ బడలికకో పోతే మిగిలేది ఒక్కటే.

టెంటు అంటే చెక్క వేదిక మీద కాన్వాస్ గోడలు, పైన నీడకి ఇంకో కప్పు, వెనక ఫ్లష్ టాయిలెట్, వేడినీళ్లు, ఆరుబయట షవర్. విద్యుత్తు చాలాచోట్ల సోలార్, ఇన్వర్టర్ మీదే. హెయిర్ డ్రయర్ పెడితే ట్రిప్ అవుతుంది, నిద్రలో ఊపిరి ఆగిపోయే జబ్బుకి సీపాప్ మిషన్ వాడేవాళ్లు రాత్రంతా కరెంటు ఉంటుందో లేదో ముందే అడగాలి. ప్లగ్ గురించి ఎయిర్‌పోర్టులో ఖరీదైన అడాప్టర్లు కొననక్కర్లేదు. దక్షిణాఫ్రికా పాత సాకెట్ మన ఇంట్లో గీజర్‌కి, ఏసీకి వాడే లావు మూడు పిన్నుల 16 ఆంపియర్లదే. ఆ పిన్ను నుంచి మామూలు ప్లగ్‌కి మార్చే కన్వర్టర్ మన ఎలక్ట్రికల్ షాపుల్లోనే దొరుకుతుంది.

జిప్పు తలుపు రెండు కొసలూ కిందివైపు కలిసేచోట చిన్న కొక్కెం వేలాడుతుంటుంది. అలంకారం కాదు. కోతులు జిప్పు లాగడం నేర్చేసుకున్నాయి కాబట్టి బయటికి వెళ్లేటప్పుడు రెండు జిప్పుల కళ్లల్లోంచి కొక్కెం దూర్చి బిగించాలి. మందుల డబ్బాలు, బిస్కెట్లు, చివరికి టూత్‌పేస్టు కూడా పెట్టెలో పెట్టి మూయాలి. చాలా క్యాంపులకి కంచె ఉండదు. చీకటి పడ్డాక భోజనానికి వెళ్లాలన్నా టెంటుకి తిరిగి రావాలన్నా కాపలా మనిషి తోడు రావాల్సిందే, టెంటులో సాయానికి పిలవడానికి ఫోగ్‌హార్న్ అనే పెద్ద బూరో వాకీటాకీయో ఉంటుంది. పెద్దవాళ్లతో వెళ్తే భోజనశాలకి దగ్గర టెంటు అడగండి, చివరి టెంటు నుంచి దూరం ఎక్కువ. నిశ్శబ్దం కోరేవాళ్లు మాత్రం చివరిదే తీసుకోవాలి. కాన్వాస్‌లోంచి పక్క టెంటు గురక కూడా వినిపిస్తుంది, సింహం గర్జన ఎంత దూరంలో ఉందో మాత్రం తెలియదు.

కాలం ఎంచుకోవడంలో మే నుంచి సెప్టెంబరు దాకా ఎండుకాలం మంచిది. ఆకు రాలి చూపు దూరం పోతుంది, జంతువులు నీళ్ల దగ్గరికి వస్తాయి. మధ్యాహ్నం 25 డిగ్రీలున్నా తెల్లవారుజామున కప్పులేని బండిలో గాలి కోసేస్తుంది. క్యాంపువాళ్లు దుప్పటి, వేడినీళ్ల సంచి ఇస్తారు, చెవులకి ఉన్ని టోపీ మనదే. నవంబరు నుంచి మార్చి దాకా వానలు, పచ్చదనం, వలస పక్షులు, నవంబరు చివర్లో ఇంపాలా జింకల పిల్లలు. రేట్లు తగ్గేది కూడా అప్పుడే. అయితే వాన పడితే బాట దిగడం ఆపేస్తారు. తడి నేలలో చక్రాల గాడి పడితే నీళ్లు దాని వెంటే పారి మట్టి కోసుకుపోతుంది. అంటే ఎక్కువ డబ్బు ఏ సౌకర్యానికి ఇచ్చామో ఆ సౌకర్యమే ఆ రెండు మూడు రోజులు ఉండదు. 2000 ఫిబ్రవరిలో, 2012 జనవరిలో వచ్చిన వరదల్ని గుర్తుంచుకుని వానాకాలం బుకింగ్‌కి రద్దు షరతులు చదువుకోవాలి. ఏరు ఒడ్డు టెంట్ల అందమూ అదే, ప్రమాదమూ అదే.

నీలం, నలుపు బట్టలు వేసుకుంటే సెట్సీ ఈగలు కుడతాయని చెప్పి ఖాకీలు కొనిపిస్తారు. 1896లో పశువుల మహమ్మారి రిండర్‌పెస్ట్ వచ్చాక ఈ ప్రాంతంలో సెట్సీ ఈగలు లేకుండా పోయాయి. బండిలో రంగు ముఖ్యం కాదు, నడకకి మాత్రం మట్టిరంగు మంచిది. మలేరియా సంగతి వేరు, అది ఉంది. వానాకాలంలో ఎక్కువ. మాత్రలు ప్రయాణానికి ఒకటి రెండు రోజుల ముందే మొదలుపెట్టాలి, కాబట్టి డాక్టర్ని వారం ముందే కలవండి. నైరోబీ, అడిస్ అబాబా మీదుగా వెళ్తూ అక్కడ ఊళ్లోకి దిగితే ఎల్లో ఫీవర్ సర్టిఫికెట్ కావాలి. టీకా వేసిన 10 రోజులకి గానీ అది చెల్లదు. హైదరాబాద్‌లో నారాయణగూడ ఐపీఎం (ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్)లో వేస్తారు. దుబాయ్, దోహా మీదుగా వెళ్తే ఈ బెడద లేదు.

శాకాహారం గురించి బుకింగ్ రోజే రాయాలి, సరుకు ఊరి నుంచి రావాలి కాబట్టి. "వెజిటేరియన్" అని ఊరుకుంటే చేప పెట్టే అవకాశం ఉంది. "మాంసం, చేప, గుడ్డు వద్దు, పాలు పెరుగు పరవాలేదు" అని విడమరచండి. అక్కడి పాప్ తెల్ల మొక్కజొన్న పిండితో గట్టిగా కలిపింది, మన సంకటికి చుట్టం. దాని పక్కన కారంగా చకలక అనే కూరగాయల నంజుడు వడ్డిస్తారు. మామిడికాయ అచార్ అని అడిగితే వంటింట్లోంచి తెచ్చిస్తారు, భారతీయులు తీసుకెళ్లిన ఊరగాయ అక్కడ అందరిదీ అయిపోయింది.

చేరడానికి జొహన్నెస్‌బర్గ్ నుంచి హూడ్‌స్ప్రైట్‌కి విమానం, లేదా ఐదారు గంటల డ్రైవ్. ఎడమవైపు డ్రైవింగే, మనకి ఇబ్బంది లేదు. కానీ ఆర్-40 రోడ్డు మీద గోతులు, పశువులు, మనుషులు, స్పీడ్ కెమెరాలు. చీకటి పడకముందే చేరేలా బయల్దేరాలి. క్యాంపుల మధ్య చిన్న విమానం ఎక్కితే మెత్తటి సంచీలే, మామూలుగా 20 కిలోల లోపే. గట్టి సూట్‌కేసు దాని పొట్టలోని అరలో పట్టదు.

చదివేటప్పుడు పొరబడే చోటు ఇంకోటి: రేటు గదికి కాదు, మనిషికి, రాత్రికి. ఒంటరిగా వెళ్తే అదనం. గేటు దగ్గర కట్టే కన్సర్వేషన్ లెవీ (అడవి సంరక్షణ రుసుము), బండి ఫీజు, చాలాచోట్ల మద్యం విడిగా. ఇంత పెట్టలేనివాళ్లకి క్రూగర్ లోపల ఓర్పెన్ గేటు దగ్గర పార్కువాళ్ల టంబోటి టెంట్లు ఉన్నాయి. వంట మనదే, కారు మనదే, బాట దిగకూడదు. అక్కడ అసలు దొంగ హనీ బ్యాడ్జర్ అనే చిన్న జంతువు. చెత్తబుట్ట మూత తీయడం దానికి చిటికెలో పని.

ఖడ్గమృగం కనిపిస్తే చాలాసార్లు కొమ్ము కోసేసి ఉంటుంది, వేటగాళ్ల నుంచి కాపాడటానికి. దాని ఫోటో పోస్ట్ చేసేటప్పుడు ఫోన్ లొకేషన్ ఆపండి. వెళ్లే రోజు పొద్దున డ్రైవ్ కూడా రేటులోదే. తిరుగు విమానం మధ్యాహ్నం 12 దాటాక తీసుకుంటే దాన్ని వదులుకోనక్కర్లేదు. టిప్పు అక్కడి కరెన్సీ రాండ్లలో నగదుగా రేంజర్‌కి ఒక కవరు, ట్రాకర్‌కి విడిగా ఇంకో కవరు, వంటింటివాళ్లకి రిసెప్షన్ దగ్గర పెట్టె. కార్డు మిషన్‌కి సిగ్నల్ దొరకని రోజులుంటాయి, నగదు ఊళ్లోనే తీసుకుని వెళ్లండి.