నాలుగేళ్లు వాడిన ల్యాప్‌టాప్, ఒక్క బయోస్ అప్‌డేట్

2021లో వర్క్ ఫ్రం హోం రోజుల్లో కొన్న 14 అంగుళాల ల్యాప్‌టాప్. ఇంటెల్ 11వ జనరేషన్ ఐ5, 8 జీబీ ర్యామ్ (తర్వాత ఇంకో 8 వేయించాను), 512 జీబీ ఎస్ఎస్‌డీ (విండోస్, ఫైళ్లు అన్నీ ఉండే డిస్క్). కీబోర్డు మీద రెండు మూడు అక్షరాలు అరిగిపోయాయి గానీ టైపింగ్ ఇప్పటికీ హాయిగానే ఉంది, హింజ్ వదులు కాలేదు, ఒకసారి మంచం మీది నుంచి పడ్డా మూల సొట్టతో బయటపడింది. వేసవిలో ఫ్యాన్ మోత మాత్రం భరించాల్సిందే. నాలుగేళ్ల తర్వాత ఇప్పుడు కూర్చుని రివ్యూ రాయడానికి కారణం ఇవేవీ కాదు, మొన్నటి బయోస్ (విండోస్ కంటే ముందు లేచి మెషీన్‌ని నడిపించే ప్రోగ్రామ్) అప్‌డేట్.

కంపెనీ వాళ్ల అప్‌డేట్ యాప్ "క్రిటికల్" అని ఎర్రగా చూపిస్తుంటే రాత్రి పడుకునే ముందు నొక్కేశాను. తెల్లారి ఆన్ చేస్తే నీలం తెర, కింద ఇన్‌యాక్సెసిబుల్ బూట్ డివైజ్ అని, అంటే విండోస్ ఉన్న డిస్క్ అందడం లేదని. ఎన్నిసార్లు ఆన్ చేసినా అదే వరస. సర్వీస్ సెంటర్‌లో ఐదు నిమిషాలు చూసి, ఎస్ఎస్‌డీ పోయింది, కొత్తది వేయాలి, పాత డేటాకి గ్యారంటీ లేదు అన్నారు. వారంటీ ఎప్పుడో అయిపోయింది. రేపు చెప్తానని బ్యాగులో పెట్టుకుని వచ్చేశాను.

ఇంటికొచ్చి ఎఫ్2 కొట్టి బయోస్‌లోకి వెళ్తే, మొదటి పేజీలోనే ఎస్ఎస్‌డీ పేరు సైజుతో సహా కనిపిస్తోంది. పోయినదైతే పేరెలా వస్తుంది? అక్కడ కాస్త ప్రాణం లేచొచ్చింది. ఒక్కో పేజీ తిరగేస్తుంటే స్టోరేజీ దగ్గర వీఎండీ (ఎస్ఎస్‌డీకి, విండోస్‌కి మధ్య ఉండే ఇంటెల్ కంట్రోలర్) అని ఒక లైను, ఆన్‌లో ఉంది, అప్పుడు తట్టింది. కొన్న కొత్తలో విండోస్ పక్కన ఉబుంటు అనే ఇంకో ఆపరేటింగ్ సిస్టమ్ వేద్దామని సరదా పడితే, దాని ఇన్‌స్టాలర్ ఇంటెల్ ఆర్ఎస్‌టీ (వీఎండీతో కలిసి పనిచేసే ఇంటెల్ స్టోరేజీ సాఫ్ట్‌వేర్) ఆఫ్ చేస్తే గానీ కదలనంది, అందుకే నేను వీఎండీ ఆఫ్ చేసి విండోస్ కూడా మొదటి నుంచి వేసుకున్నాను. ఉబుంటు మూడు నెలల ముచ్చటే అయింది, ఆ సెట్టింగ్ సంగతి నేనూ మర్చిపోయాను. ఇప్పుడు అప్‌డేట్ అన్నిటినీ డీఫాల్ట్‌కి తెచ్చేసి వీఎండీని మళ్లీ ఆన్ చేసింది. అది ఆన్‌లో ఉంటే ఎస్ఎస్‌డీ ఆ కంట్రోలర్ చాటుకి వెళ్లిపోతుంది, దాని డ్రైవర్ నా విండోస్‌లో లేదు, అందుకే సగం బూట్ అయ్యాక దాని డిస్కే దానికి దొరకడం లేదు.

ఆఫ్ చేసి ఎఫ్10తో సేవ్ చేశాను. ఈసారి ఇంకో నీలం తెర! బిట్‌లాకర్ (డిస్క్‌కి తాళం వేసి ఉంచే విండోస్ ఫీచర్) రికవరీ కీ అడుగుతోంది, 48 అంకెలు. ఆ తాళం చెవి దాచుకునే టీపీఎం చిప్, బయోస్‌లో ఏదో మారిందని పసిగట్టి తాళం తీయనందన్నమాట. అదృష్టం, కీ నా మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లో ఉంది. పాత ల్యాప్‌టాప్‌ల కీలు కూడా అక్కడే ఉంటే, తెర మీది కీ ఐడీలో మొదటి 8 అక్షరాలు చూసి సరైనది పట్టుకున్నాను. నాన్న ఫోన్ పట్టుకుని ఆరేసి అంకెలు చొప్పున చదువుతుంటే నేను కొట్టాను, ఎక్కం అప్పజెప్పినట్టు. డెస్క్‌టాప్ వచ్చింది, ఒక్క ఫైలూ పోలేదు.

ఇది చదివి అందరూ వీఎండీ ఆఫ్ చేసేయకండి. షాపులో కొన్నప్పటి విండోసే వాడుతుంటే మీది బహుశా వీఎండీ ఆన్‌లోనే పెట్టి వేసి ఉంటారు, ఆఫ్ చేస్తే ఇదే నీలం తెర మీకూ వస్తుంది. అప్‌డేట్‌కి ముందు ఎలా ఉందో అలా పెట్టాలి, అంతే.

పని అయిపోయిందనుకున్నానా, వారం పాటు ఇంకేవో బయటపడుతూనే ఉన్నాయి. వర్చువల్‌బాక్స్‌లో (విండోస్ లోపలే ఇంకో కంప్యూటర్‌ని నడిపే యాప్) ఏదీ స్టార్ట్ కాలేదు, చూస్తే దానికి కావాల్సిన వర్చువలైజేషన్ సెట్టింగ్ బయోస్‌లో ఆఫ్. ఛార్జింగ్ 80 శాతం దగ్గర ఆపేలా పెట్టుకున్నది పోయి, మూడు రోజులు 100లోనే ప్లగ్‌లో ఉందని ఆలస్యంగా గమనించాను. అసలే బ్యాటరీ నాలుగేళ్లది, ఛార్జర్ తీస్తే రెండున్నర గంటలు వస్తే గొప్ప.

మెషీన్‌కి నాలుగు స్టార్లు, ఆ అప్‌డేట్ యాప్‌కి ఒకటి. ఏ సెట్టింగులు మారతాయో ముందు ఒక్క లైన్ రాసి ఉంటే నాకో రోజు సెలవు మిగిలేది. బయోస్ పేజీలన్నీ ఇప్పుడు ఫోన్‌లో ఫొటోలుగా ఉన్నాయి, కీ కాగితం మీద రాసి బీరువాలో పెట్టాను. నిన్న మళ్లీ ఎర్రగా ఒక క్రిటికల్ వచ్చింది. శనివారం వరకు దాని జోలికి వెళ్లను, వెళ్లినా ముందు బిట్‌లాకర్‌ని సస్పెండ్ చేశాకే.