మిల్లు చెమటలో నాలుగేళ్లు: వాచీ పిన్ను 304దా, 316ఎల్‌దా?

మిర్యాలగూడలో ఉప్పుడు బియ్యం మిల్లు. బాయిలర్ దగ్గర నా డ్యూటీ. చేతికి నాయిన పెట్టుకున్న హెచ్‌ఎంటీ వాచీ. 2021 మే నెలలో ఊక కుప్ప పక్కన నడుస్తుంటే అది చేతి నుంచి జారి ఊకలో పడింది. గంటసేపు చేతులతో తవ్వితే గానీ దొరకలేదు. బెల్టు తెగలేదు. బెల్టును వాచీకి పట్టి ఉంచే స్ప్రింగ్ పిన్ను తుప్పు పట్టి, లోపలి స్ప్రింగ్ బిగుసుకుపోయింది. ఒక కొస పిన్ను గొట్టం లోపలికి పోయి మళ్లీ బయటికి రాలేదు.

ఆ పిన్ను ప్యాకెట్ మీద స్టెయిన్‌లెస్ స్టీల్ అని మాత్రమే ఉంది, గ్రేడ్ లేదు. అప్పటి నుంచి గ్రేడ్ చూడందే కొనట్లేదు. 304, 316ఎల్ అనేవి స్టెయిన్‌లెస్ స్టీల్‌లో రెండు గ్రేడ్‌లు. ముందుగా ఒకే వాచీకి పైపక్క 304 పిన్ను, కిందిపక్క 316ఎల్ పిన్ను పెట్టాను. రెండూ 18 మిల్లీమీటర్ల పొడవు, ఒకటిన్నర మందం. ఆరు నెలలకు పక్కలు మార్చాను.

పద్నాలుగు నెలలకు 304 పిన్నులో, కొస గొట్టంలోంచి బయటికొచ్చే చోట గోధుమరంగు మరక పడింది. గోటితో నొక్కి వదిలితే మెల్లగా వస్తోంది. 316ఎల్ మాత్రం టక్కున ఎగిరి వస్తోంది. 316ఎల్‌లో 2 నుంచి 3 శాతం మాలిబ్డినం అనే లోహం ఉంటుంది, 304లో ఉండదు. చెమటలోని ఉప్పు స్టీలు మీది సన్నని రక్షణ పొరను తినకుండా అది అడ్డుపడుతుంది. పిన్ను గొట్టం లోపల చెమట త్వరగా ఆరదు, పైగా మాకు ఊక దుమ్ము. తుప్పు అక్కడే మొదలవుతుంది.

అయితే 316ఎల్ అంటే ఎక్కువ బలం అనుకోవద్దు. బలం స్టీలును వేడి చేయకుండా చల్లగా లాగి గట్టిపరిచిన తీరును బట్టి, పిన్ను మందాన్ని బట్టి వస్తుంది. రెండో 316ఎల్ పిన్నుకు తుప్పు లేకున్నా కొస అరిగింది, ఎందుకంటే వాచీ రంధ్రం పెద్దది, కొస సన్నది. లోపల ఆడుతూ రాసుకుపోయింది. గ్రేడ్ కన్నా ముందు ఈ కొలత చూడాలని నాకు ఆలస్యంగా తెలిసింది.

ఒక షాపులో అయస్కాంతం పెట్టి "అంటుకోలేదు చూడన్నా, ఇది 316" అన్నారు. అది పరీక్షే కాదు. మామూలుగా 304 కూడా అంటుకోదు, చల్లగా లాగిన 304 మాత్రం కొంచెం అంటుకుంటుంది. గొట్టం 316ఎల్ అయినా లోపలి స్ప్రింగ్ వేరే గ్రేడ్ కావచ్చు, అది కూడా అడగండి.

నీడపట్టున కూర్చుని పని చేసేవాళ్లకు 304 చాలు. పొలంలో, మిల్లులో, బండి మీద తిరిగేవాళ్లు 316ఎల్ కొనండి. నేను డ్యూటీ దిగాక వాచీకి బెల్టు తగిలించే చెవుల దగ్గర తడిగుడ్డతో తుడుస్తాను. నెలకోసారి బెల్టు విప్పి, కొసలు నొక్కి చూస్తాను. ఎగిరి రాని పిన్ను ఆ రోజే తీసి పారేస్తాను.