విశాఖ చెమ్మలో ఇంటి పాప్‌కార్న్: ఏ రుచి నిలుస్తుంది, ఏది మెత్తబడుతుంది

విశాఖలో పాప్‌కార్న్ చేయడం తేలికే, కరకరలాడేలా నిలబెట్టడమే కష్టం. గిన్నెలో పోసి వదిలేస్తే సముద్రపు గాలికి కాసేపట్లోనే సాగుతుంది. మైక్రోవేవ్ ప్యాకెట్లు, విడి గింజలు రెండూ వాడి చూశాక మా ఇంట్లో విడి గింజలే నిలిచాయి. చాలా ప్యాకెట్లలో పామాయిల్, ఉప్పు ముందే పట్టించి ఉంటాయి, మనం తగ్గించుకునే వీలుండదు. పీచు మాత్రం రెండిట్లోనూ దక్కుతుంది.

గింజలో 14 శాతం దాకా తేమ ఉంటుంది. వేడి 180 డిగ్రీలకు చేరేసరికి అది ఆవిరై గట్టి పొట్టును బద్దలుకొడుతుంది. స్వీట్‌కార్న్ గింజలకు ఆ పొట్టు బలం లేదు కాబట్టి ఎండబెట్టినా పేలవు. గింజలను ఫ్రిజ్‌లో పెట్టకండి, ఆరిపోతాయి. పాతబడి సరిగా పేలకపోతే అర కిలోకి రెండు టీస్పూన్ల నీళ్లు చల్లి, గాజు సీసాలో బిగించి, రోజూ ఊపుతూ మూడు రోజులుంచండి.

ఐదు లీటర్ల మందపాటి కుక్కర్ గిన్నె చాలు. కుక్కర్ మూత బిగించకూడదు, మామూలు పళ్లెం కప్పాలి. రెండు టీస్పూన్ల వేరుశనగ నూనెలో ముందు మూడు గింజలు వేయండి. అవి పేలాక 60 గ్రాముల గింజలు పోసి, పొయ్యి మీంచి దించి అర నిమిషం ఆగండి. అన్నీ ఒకేలా వేడెక్కి, దాదాపు ఒకేసారి పేలతాయి. మళ్లీ మధ్యస్థ మంట మీద పెట్టి పళ్లెం కాస్త వారగా ఉంచండి. ఆ సందు లేకపోతే ఆవిరి లోపలే ఉండిపోయి పేలాలు తోలులా సాగుతాయి. చప్పుడుకీ చప్పుడుకీ మధ్య రెండు మూడు సెకన్లు పడితే దించేయండి. చివరి నాలుగు గింజల కోసం చూస్తే మాడు వాసన మొత్తానికీ పడుతుంది.

ఇక రుచులు. ఇక్కడ తడి తగలనిదే నిలుస్తుంది. వెన్నలో నీరుంటుంది, పోసిన చోటల్లా పేలాలు ముడుచుకుపోతాయి. నెయ్యితో ఆ బాధ లేదు. వేడి పేలాల మీద ఒక టీస్పూన్ కరిగిన నెయ్యి వేసి ఎగరేసి, వెంటనే పొడి చల్లాలి. చల్లారాక చల్లితే పొడి అంతా అడుగుకి జారుతుంది. ఉప్పు కూడా మిక్సీలో పిండిలా ఆడించిందే అంటుకుంటుంది, సగం ఉప్పుకే రుచి తెలుస్తుంది.

మా ఇంట్లో మొదటి స్థానం కరివేపాకు పొడిదే. ఆకు చేత్తో నలిపితే పొడైపోయేలా వేయించి, ఎండుమిర్చి, జీలకర్రతో ఆడించాలి. పచ్చి వెల్లుల్లి వద్దు, పొడి ముద్ద కడుతుంది. అరకు మిరియాలు, పసుపు రెండో స్థానం. ఆర్కే బీచ్‌లో కాల్చిన పొత్తు మీద రుద్దే ఉప్పూకారం, నిమ్మకాయ రుచి చాలామంది కోరుకుంటారు. నిమ్మరసం పిండితే మాత్రం మొత్తం పాడవుతుంది. కారంలో పావు టీస్పూన్ ఆమ్‌చూర్ (ఎండు మామిడికాయ పొడి) కలపండి, ఆ పులుపు దాదాపు వచ్చేస్తుంది.

పూర్తిగా చల్లారాకే స్టీలు డబ్బాలో పెట్టాలి. మెత్తబడితే పొడి మూకుట్లో సన్న మంట మీద రెండు నిమిషాలు తిప్పితే చాలు. నాలుగేళ్ల లోపు పిల్లలకు పెట్టకండి, గొంతుకి అడ్డుపడుతుంది.

అనకాపల్లి బెల్లంతో చేసింది రుచికి అన్నిటినీ మించుతుంది. పాకం చుక్క నీళ్లలో వేస్తే గట్టిపడి టక్కున విరగాలి, అప్పుడే చిటికెడు వంటసోడా వేసి పేలాలు కలపాలి. అయితే బెల్లం చెమ్మను లాగేస్తుంది, సాయంత్రానికి చేతికి అంటుకుంటుంది. అది పండగ మిఠాయి కిందే లెక్క, రోజువారీ చిరుతిండికి కారప్పొడులే మేలు.