అచ్చంపేట దిక్కు అడవి క్యాంప్: 3 స్టార్లు ఇస్తున్న, అందులో రెండు టాయిలెట్లకే

మార్చిల రెండో శనివారం కలిసొచ్చిందని నేను, మా ఇంటామె, బిడ్డ, మా బామ్మర్ది నలుగురం దేవరకొండ నుంచి డిండి మీదుగ పోయి ఒక రాత్రి క్యాంప్ చేసొచ్చినం. హాజీపూర్ చౌరస్తా దాటినంక లోపటికి పోవాలె, పట్టా భూమిల మామిడితోట, తోట అవుతల వాగు, వాగు అవుతల ఇగ అంతా అడవే. తలకు 1,800, పిల్లలకు సగం. టెంటు, రెండు పూటల బువ్వ, పొద్దుగాల టిఫిను, అడవి అంచు పొంటి నడక, రాత్రి మంట కాడ పాటలు. వాళ్ల పేరైతే రాస్తలేను. ఫోన్ చేస్తే తిట్టకుండ విన్నరు, సరిచేస్తమన్నరు, ఇంకోటి ఇసొంటి క్యాంపులు పెట్టేటోళ్లు ఇప్పుడు మస్తుమంది అయిర్రు, ఎవ్వరి తాన బుక్ చేసినా చూస్కోవాల్సినయి ఇవే.

మేం పోయిననాడు నూటయాభై మంది దాంక ఉన్నరు. నలుగురు దోస్తులు పోయి చెట్టు కింద పండుడు వేరు, నూటయాభై మంది ఒక్క తావున తిని, పండి, పొద్దుగాల లేచి అందరు ఒక్కపారే చెంబు పట్టుకునుడు వేరు. ఇది నాకు సలేశ్వరంల తెలిసింది. చైత్ర పున్నమికి నల్లమల లోపట జాతర అయితది గద, ఏడాదిల ఆ కొన్ని రోజులే ఫారెస్టోళ్లు లోపటికి ఇడుస్తరు, రాళ్ల మీద ఇరుకు దారి, లోయలకు దిగాలె, "వస్తున్నం లింగమయ్యా" అనుకుంట జనం ఒకరెన్క ఒకరు. ఆడ మా దిక్కోళ్లు పెట్టే అన్నదానం కాడ నేను ఐదారేండ్లు వడ్డించిన. వడ్డించుడు అల్కటి పని. తిన్నోళ్లు చెయ్యి యాడ కడుగుతరు, ఆకు యాడ ఏస్తరు, కడుపుల గడబిడైతే యాడికి ఉరుకుతరు, అసలు పని అంతా గక్కడ్నే ఉంటది. అందుకే నేను ఏ క్యాంప్‌కు పోయినా టెంట్లు తర్వాత చూస్త, ముందుగాల వంటశాల ఎన్క దిక్కు పోయి చూస్త. మా బామ్మర్ది నవ్వుతడు, "బావ తనిఖీకి పోయిండు" అని.

మా ఇంటామె అయితే దిగంగనే బ్యాగు టెంట్ల పారేసి సీదా టాయిలెట్లకాడికి పోయింది. వచ్చి "మంచిగనే ఉన్నయి, ఉండొచ్చు" అన్నది. నిరుడు ఇంకో క్యాంప్ నుంచి గీ టాయిలెట్ల ఎన్కనే రాత్రికి రాత్రి వాపస్ వచ్చినోళ్లం మేం, కాబట్టి ఆ మాట చిన్నది కాదు. మొత్తం ఆరు, ఆడోళ్లకు నాలుగు మొగోళ్లకు రెండు, అంటే పాతికమందికి ఒకటి పడ్డట్టు. వరదలో భూకంపమో వచ్చి జనం రోడ్డున పడ్డప్పుడు వేసే క్యాంపులకు స్ఫియర్ ప్రమాణాలని ఒక లెక్క ఉంటది, మొదట్ల యాభైమందికి ఒకటన్నా ఉండాలె, జర కుదురుకున్నంక ఇరవైమందికి ఒకటి. ఒక్క రాత్రి ముచ్చటకు పాతికకు ఒకటి అంటే తక్కువేం కాదు.

ఫ్లష్‌లు గిష్‌లు ఏం లేవు, గుంత టాయిలెట్లే. నిలువెడు లోతు తవ్వి, మీద పలకలు పర్చి, చుట్టూ తడికలు కట్టిర్రు. లోపట రెండు బకెట్లు, ఒకదాంట్ల బూడిద, ఇంకోదాంట్ల వరి ఊక, మన పని అయినంక ఒక డబ్బెడు గుంతల పొయ్యాలె. గంతే. వాసన లేదు, ఈగ లేదు. ఈగ లేదంటే వాసన తప్పిందని ఒక్కటే కాదు, అదే ఈగ గుంత మీద వాలి లేచి మన పెరుగన్నం మీద వాలుతది గద, ఆ దారి మూసినట్టు. వాగు నుంచి నేను అంగలు లెక్కపెట్టుకుంట నడిసిన, నూటపది అయినయి. నీళ్లకు 60 మీటర్లన్నా ఎడం ఉండాలంటరు, ఇది అంతకన్నా ఎక్కువే ఉన్నది, పైగా వాలు వాగు దిక్కు లేకుండ ఇవుతల దిక్కు చూసి తవ్విర్రు. ఎవరో తెలిసినోడే తవ్విచ్చిండు. లోపట గడె ఉన్నది, సోలార్ లైటు ఉన్నది, ఆడోళ్ల దాంట్ల ప్యాడ్లు చుట్టి పారేసేతందుకు మూత ఉన్న డబ్బా, పక్కన కోసిపెట్టిన పేపర్లు గూడ ఉన్నయంట, ఇది నాకైతే తట్టకపోవు, మా బిడ్డ చెప్పింది. రెండు స్టార్లు ఈడ్నే అయిపోయినయి.

ఇగ నీళ్ల కత. పొద్దుమీకంగ బాగనే ఉండె, 20 లీటర్ల క్యాన్లు, కింద నల్లా ఉన్న స్టాండు. రాత్రి పది కొట్టకముందే క్యాన్లు ఒడిసినయి. ఎండకాలం మొదలు, అందరు డ్యాన్సులు చేసి చేసి తాగిర్రు. అప్పుడేం చేసిర్రంటే బోరు నీళ్లు తెచ్చి నీలం డ్రమ్ముల నింపిర్రు, మీద ఒక స్టీలు గ్లాసు పెట్టిర్రు. మూత లేదు, నల్లా లేదు, పొడుగు కాడ ఉన్న ముంత గూడ లేదు. ఒకడొచ్చి గ్లాసును ముంచుతడు, ఏండ్లు నీళ్లల్ల మునుగుతయి, తాగి మళ్ల అదే గ్లాసు ముంచి పక్కోనికి ఇస్తడు. ఒక పోరడు చికెన్ ముక్క తిన్న చెయ్యి తోటే ముంచిండు, నూనె పైన తేలుకుంట కనబడ్డది, నేను సెల్లు లైటు వేసి చూసిన. ఇగ చెయ్యి కడుగుడంటవా, తొక్కితే నీళ్లు వచ్చే డబ్బా ఒకటి మస్తు మంచిగ కట్టిర్రు గని దాని సబ్బు రాత్రి తొమ్మిదికే మాయం, దాని జాగల ఒక శానిటైజర్ సీసా పెట్టిర్రు. శానిటైజర్ కరోనాకు పనికొచ్చింది నిజమే, కని వాంతులు విరేచనాలు పెట్టే వైరస్‌లు కొన్ని ఉంటయి, వాటికి సబ్బు పెట్టి నీళ్లతోటి రుద్దుడే దిక్కు.

తెల్లారి నాలుగింటికి మా బామ్మర్ది లేచిండు. మళ్ల నాలుగున్నరకు లేచిండు. ఐదింటికల్లా టెంటుకు టాయిలెట్‌కు మధ్యల చాప పర్సుకోని కూసున్నడు, "బావా, నేను ఇక్కడ్నే ఉంట, మీరు నడకకు పోండ్రి" అనుకుంట. లైన్ల చూస్తే పది పన్నెండుమంది అదే పరిస్థితి. డ్రమ్ము నీళ్లా, రాత్రి మిగిలిన రైతానా అని నేను ఒట్టువెట్టి చెప్పలేను, రైతా నేను గూడ తిన్న, డ్రమ్ము నీళ్లు తాగలే, నాకేం కాలే, గంతవరకే చెప్త. ఓఆర్ఎస్ అడిగితే రెండే ప్యాకెట్లు ఉన్నయన్నరు. నూటయాభై మందికి రెండు! పైగా ఆ వాలంటీరు పోరడు ఒక ప్యాకెటు సగం చించి ఒక్క గ్లాసుల కలుపుతుండు, నేనే ఆపి లీటరు బాటిల్ల మొత్తం ప్యాకెటు కలిపించిన, లెక్క అదే, లీటరుకు ఒకటి. మిగిలినోళ్లకు మా ఇంటామె వంటోళ్ల తాన అడిగి ఉప్పు, చక్కెర కలిపి ఇచ్చింది. నీళ్లు కాగబెట్టి, అవి సలసల మసిలినంక ఒక్క నిమిషం ఆగి దించితే సాలు, పొయ్యి ఉన్నది, కట్టెలు ఉన్నయి, డేగిసాలు ఉన్నయి, రాత్రే ఈ పని చేస్తే నీళ్ల భయం ఉండకపోవు. లేకుంటే క్లోరిన్ బిళ్లలు, వేసి అరగంట ఆగితే అయిపాయె, వానకాలం ఊర్లల్ల ఆశా కార్యకర్తలు ఇంటింటికి ఇచ్చేటియే.

మంట సంగతి మాత్రం మెచ్చుకోవాలె. ఫిబ్రవరి నుంచి మే దాంక ఆ అడవి మొత్తం ఎండిన ఆకే, ఒక బీడీ ముక్క సాలు. అమ్రాబాద్ పులుల అడవి అంటే 2,611 చదరపు కిలోమీటర్లు, దాని అంచుమీద నువ్వు మంటపెట్టి పాటలు పాడుతున్నవు. లోపట అభయారణ్యంల అయితే అడవికి ముప్పు వచ్చేటట్టు మంటపెట్టుడు 1972 వన్యప్రాణి చట్టం కింద నేరం, ఇది పట్టా భూమి కాబట్టి నడిచింది. వీళ్లు టెంటుకొక మంట అంటే ఒప్పుకోలే, అందరికి కలిపి ఒక్కటే, గుంతల, చుట్టూ పది పదిహేను అడుగులు ఆకు ఊడ్చి మన్ను కనబడేటట్టు చేసిర్రు, పక్కన రెండు డ్రమ్ముల నీళ్లు, ఇసుక బస్తాలు, పచ్చి కొమ్మల కట్టలు. హైదరాబాద్ నుంచి వచ్చిన ఒక బ్యాచ్ మాత్రం టెంటు ఎన్క దొంగచాటుగ బొగ్గులు ముట్టించి చికెన్ కాల్చుడు వెట్టిర్రు, గాలికి పక్కన ఆకు అంటుకున్నది, మా కండ్ల ముంగటనే మంట మోకాలెత్తు లేచింది. వాలంటీర్లు రెండు నిమిషాలల్ల కొమ్మలతోటి కొట్టి ఆర్పిర్రు, బొగ్గులు గుంజిపారేసిర్రు. పడుకునే ముందు పెద్దమంట ఆర్పినప్పుడు గూడ నీళ్లు పోసి, కట్టెతోటి కలియబెట్టి, మళ్ల పోసి, ఆఖరికి ఒకాయన బూడిదల చెయ్యి పెట్టి చూసిండు. గిట్ల చేసేటోళ్లను నేను జాతరల గూడ తక్కువ చూసిన.

ఆ చెయ్యి పెట్టినాయన అక్కడి చెంచు పెద్దాయన, కాపలాకు పెట్టుకున్నరు. మా పక్క టెంటోళ్లు నీడ బాగుందని తోట కొసకు ఇప్పచెట్టు కింద వేసుకున్నరు. పెద్దాయన వచ్చి "ఈడ పండొద్దు సారూ, పువ్వు రాలే దినాలు, ఎలుగు వస్తది" అన్నడు. వాళ్లు నవ్విర్రు. ఆయన నవ్వలే, నిలబడి టెంటు పీకించి తోట నడుమకు మార్పించినంకనే పోయిండు. తెల్లారి ఆ చెట్టు కింద చూస్తే సగం పువ్వు ఊడ్చుకపోయినట్టు మాయమైంది, మన్ను గోకి ఉన్నది. ఎలుగో అడవిపందో నాకు తెల్వది, ఆయన చూసి ఏం అనలే, తల ఊపిండు గంతే. క్యాంపోళ్లు ఇచ్చిన ఉపన్యాసం అంతా ఒక ఎత్తు, ఆయన ఒక్కడు ఒక ఎత్తు, ఆయనకు జీతం ఎంత ఇస్తున్నరో గని పెంచాలె.

అదే క్యాంపోళ్లు మిగిలిన అన్నం మొత్తం వంటశాల ఎన్క కుప్ప పోసిర్రు చూడు, అది నాకు అర్థం కాలే. ఎలుగు వస్తదని టెంటు మారుస్తిరి, పందులకు విందు పెడితిరి. పొద్దుగాల కోతులు టెంట్ల జిప్పులు తీసి బిస్కెట్లు గుంజుకపోయినయి, శ్రీశైలం రోడ్డు మీద జనం కార్ల నుంచి తిండి వేసి వేసి ఆ కోతులను ఎట్ల చేసిర్రో చూస్తున్నం గద. ప్లేట్లు గూడ అంతే, పేపర్ ప్లేట్ అని పేరే, లోపట మెరిసేదంతా ప్లాస్టిక్ పొర. మోదుగాకు విస్తర్లు దొరకని ఊరా అది? లోపట టైగర్ రిజర్వ్‌ల ప్లాస్టిక్ వద్దని మొత్తుకుంటుంటే అంచుమీద రెండు వందల ప్లేట్లు గాలికి వాగుల పడుతున్నయి. మా బిడ్డ ఏరుకొచ్చింది ఇరవై దాంక.

అన్నిట్లకన్నా నాకు గుండె జారింది పార్కింగ్ కాడ. నలభై కార్లు ఒకదాని ఎన్క ఒకటి, క్యాంప్ జీపు అన్నిట్ల లోపటికి పెట్టిర్రు, దాని డ్రైవరు యాడ పండిండో ఎవ్వనికి తెల్వది, సిగ్నలు లేదు కాబట్టి 108కు ఫోన్ కలవాలంటే రోడ్డు దాంక ఉరకాలె. రాత్రి ఎవరినన్న కట్లపాము కరిస్తే? అది ఎక్కువగ నేల మీద పండుకున్నోళ్లనే కరుస్తది, శానామటుకు నొప్పి గూడ తెల్వది, పొద్దుగాలకు కడుపునొప్పి, రెప్పలు వాలుడు. కోసుడు, పీల్చుడు, తాడుతోటి బిగియకట్టుడు ఏదీ పనికిరాదు, కదలకుండ పండబెట్టి యాంటీవీనమ్ ఉన్న దవాఖానకు చేర్చుడే. చేర్చాలంటే బండి కదలాలె గద. జాతరల మాకు ఇది మొదటి రూలు, ఒక బండి మూతి రోడ్డు దిక్కు పెట్టి, ముందట ఏది పెట్టనియ్యకుండ, తాళం బండికే ఇడిసి, డ్రైవరు దాంట్లనే పండాలె.

పాటలు పదింటికి ఆపుతమన్నరు, ఒంటిగంట దాంక నడిసినయి, జనరేటర్ మూడింటి దాంక. శ్రీశైలం రోడ్డు మన్ననూరు కాడ రాత్రి తొమ్మిది నుంచి పొద్దుగాల ఆరింటి దాంక మూస్తరు, జంతువులకు జర ఇడుపు ఉండాలని, ఇక్కడేమో సౌండు డబ్బాలు మోగించుకుంట. టిఫిను ఉప్మా బాగుంది. నడక బాగుంది.

టాయిలెట్లకు రెండు, మంటకు, పెద్దాయనకు కలిపి ఒకటి. సోమవారం ఫోన్ చేసి నీళ్ల సంగతి, బండి సంగతి చెప్పిన, బుకింగ్ చూసే పోరడు మంచిగనే విన్నడు, బామ్మర్ది పైసలు సగం వాపస్ వేసిండు. పదిరోజులకు వాట్సాప్‌ల ఒక ఫొటో పంపిండు, "అన్నా, డ్రమ్ముకు నల్లా పెట్టించినం" అని. చూసిన. నల్లా ఉన్నది. మూత లేదు.