వైద్యం వదిలేసిన జోన్సా, వదలని స్మితా: ఎవరి దారి మేలు?

ఇద్దరూ డాక్టర్లే. ఇద్దరూ అమెరికా ఈశాన్యం నుంచి 1830లలో టెక్సస్ చేరి రాజకీయాల్లో దిగినవాళ్లే.

పదవి లెక్కన చూస్తే ఆన్సన్ జోన్స్‌దే పైచేయి. మొదట్లో ఎక్కడా ప్రాక్టీసు కుదరక తిరిగిన మనిషి, టెక్సస్‌లోని బ్రజోరియా వచ్చాక డాక్టరుగా నిలదొక్కుకున్నాడు. 1836లో టెక్సస్ మెక్సికో నుంచి విడిపోవడానికి చేసిన శాన్ హసింటో యుద్ధంలో సర్జన్. 1844లో టెక్సస్ ఇంకా విడి దేశంగా ఉండగానే దానికి అధ్యక్షుడయ్యాడు. 1846లో టెక్సస్‌ను అమెరికాకు అప్పగించిన చివరి అధ్యక్షుడూ ఆయనే. ఆ తర్వాత అమెరికా సెనేటరుగా పంపుతారని ఆశపడ్డాడు, పంపలేదు. ప్లాంటేషన్ (పెద్ద వ్యవసాయ ఎస్టేట్) బాగానే సాగినా మనసంతా ఆ సీటు మీదే. 1857లో మళ్లీ అవకాశం వచ్చింది. అప్పట్లో సెనేటర్లను ఎన్నుకునేది రాష్ట్ర శాసనసభ. ఒక్క ఓటూ పడలేదు. 1858 జనవరి 9న హ్యూస్టన్‌లోని ఒక హోటల్లో ప్రాణం తీసుకున్నాడు. ఒకప్పుడు టెక్సస్ కాంగ్రెస్ నడిచిన భవనమే అది.

ఆష్‌బెల్ స్మిత్ జోన్స్ దగ్గరే విదేశాంగ మంత్రిగా పనిచేశాడు. తర్వాత 1855, 1866, 1878లో రాష్ట్ర శాసనసభకు వెళ్లాడు. కానీ ఆయన అంటే నాకు ముందు గుర్తొచ్చేది 1839లో టెక్సస్‌లోని గాల్వెస్టన్‌కు వచ్చిన ఎల్లో ఫీవర్. రోగిని తాకితే అంటుకుంటుందని జనం హడలిపోతుంటే, అంటదని చూపడానికి రోగులు కక్కిన నల్లటి వాంతిని రుచి చూశాడు! చదివితేనే కడుపులో తిప్పుతుంది. ఆయన చెప్పింది నిజమే, తాకితే రాదు. అసలు దోషి దోమ అని తేలింది మాత్రం 1900లో. ఆ జ్వరం గురించి చిన్న పుస్తకమూ రాశాడు.

రెండు పడవల మీద కాళ్లు పెట్టకూడదంటారు గానీ, ఇక్కడ గట్టెక్కింది అలా పెట్టినవాడే. ఎన్నిక ఓడినా చేతిలో వైద్యం ఉంది, కాలేజీల పని ఉంది. 1881లో టెక్సస్ యూనివర్సిటీ పాలకమండలికి తొలి అధ్యక్షుడయ్యాడు. అలాగని దేవుణ్ణి చెయ్యక్కర్లేదు: బానిసలను ఉంచుకున్నాడు, అంతర్యుద్ధంలో దక్షిణాది తరఫున పోరాడాడు. తర్వాత నల్లజాతి విద్యార్థుల కోసం ప్రెయిరీ వ్యూ కాలేజీ పెట్టిన కమిషనర్లలోనూ ఒకడు. ఈ రెండూ నాకు ఒకచోట పొసగవు.

అయినా నా ఓటు స్మిత్‌కే.

జోన్స్‌కు ఒక్క ఓటూ వేయని ఆ శాసనసభే, ఆయన పోయిన నెల తిరక్కుండానే ఒక కొత్త కౌంటీకి (జిల్లా లాంటిది) ఆయన పేరు పెట్టింది.