మెమ్‌టెస్ట్86: ర్యామ్ ఓవర్‌క్లాక్ చేసేవాళ్ళు తప్పకుండా పెట్టుకోవాల్సిన టూల్

రైజెన్ 5 5600 ప్రాసెసర్ మీద డీడీఆర్4 3600 ర్యామ్ పెట్టి ఎక్స్‌ఎంపీ (ర్యామ్‌ని మామూలు కంటే ఎక్కువ స్పీడ్‌లో, అంటే ఓవర్‌క్లాక్‌లో నడిపే బయోస్ సెట్టింగ్) ఆన్ చేశా, విండోస్ బాగానే ఓపెన్ అయింది కానీ గేమ్ మధ్యలో బ్లూ స్క్రీన్, జిప్ ఫైల్స్ కరప్ట్, అసలు తప్పు గ్రాఫిక్ కార్డుదా ర్యామ్‌దా అన్నదే అర్థం కాలేదు. ర్యామ్‌లో తప్పులు వెతికే మెమ్‌టెస్ట్86 ఫ్రీ వెర్షన్‌ని పెన్‌డ్రైవ్‌లో వేసి బూట్ చేస్తే ఫస్ట్ పాస్‌లోనే (అంటే టెస్టులన్నీ ఒక రౌండ్) ఎర్ర లైన్లలో ఎర్రర్స్ కనిపించాయి. విండోస్‌తో పని లేకుండా నడుస్తుంది కాబట్టి డ్రైవర్ల మీద అనుమానం అక్కడితో పోతుంది, నాకు బాగా నచ్చింది ఇదే.

తర్వాత ఎక్స్‌ఎంపీ తీసేసి 2666 స్పీడ్, 1.2 వోల్ట్స్‌లో మళ్ళీ టెస్ట్ పెడితే ఒక్క ఎర్రర్ లేదు, అంటే ర్యామ్ స్టిక్స్ మంచివే, స్పీడ్‌కి వోల్టేజ్ చాలట్లేదు. మళ్ళీ ఎక్స్‌ఎంపీ ఆన్ చేసి, అది ఇచ్చే 1.35 వోల్ట్స్‌ని 1.37 చేశా, ఎస్‌ఓసీ వోల్టేజ్ (ప్రాసెసర్‌లోని మెమరీ కంట్రోలర్‌కి వెళ్ళేది) ఆటోలో వదలకుండా 1.1 పెట్టా, ఎఫ్‌క్లాక్ (ప్రాసెసర్ లోపలి భాగాల్ని కలిపే లింక్ స్పీడ్) 1800 ఫిక్స్ చేశా, టెస్ట్ క్లీన్. అన్నీ ఒకేసారి మార్చకండి బ్రో, ఏది పనిచేసిందో తెలీదు. ర్యామ్ స్పీడ్ చూపించే సీపీయూ-జెడ్ టూల్‌లో 1800 కనిపిస్తే కంగారు పడొద్దు, డీడీఆర్ అంటే డబుల్ డేటా రేట్ కదా, డబుల్ చేస్తే 3600.

మైనస్ అంటే ఫ్రీ వెర్షన్‌లో 4 పాస్‌లే, 32 జీబీకి గంటలు పడుతుంది, రాత్రి పెట్టి పడుకోవడమే. ఇది పాసైనా విండోస్‌లో ఇంకో స్ట్రెస్ టెస్ట్ కూడా నడపండి, సీపీయూ, గ్రాఫిక్ కార్డు వేడెక్కినప్పుడే వచ్చే ఎర్రర్స్ మెమ్‌టెస్ట్86లో దొరకకపోవచ్చు. 4.5/5.